సన్న రేకు వెల్డింగ్‌లో వచ్చే తలనొప్పులు: ఎందుకు వస్తాయి, ఎలా సరిచేయాలి

మందపాటి యాంగిల్ మీద నున్నగా బీడ్ (అతుకు గీత) లాగేవాళ్లు కూడా 1 మి.మీ. రేకు ముందు కూర్చుంటే మొదటి పది నిమిషాల్లో నాలుగు చిల్లులు పెట్టి తప్పు మెషిన్ మీదికి నెట్టేస్తారు. నేనూ నెట్టాను. మెషిన్ తప్పేమీ లేదు. మందపాటి ఇనుములో ఆర్క్ ఇచ్చిన వేడి చుట్టుపక్కలకి పాకి చల్లారిపోతుంది, రేకులో ఆ వేడికి పోయే దారి ఉండదు, అక్కడే పేరుకుంటుంది, ఉక్కు దాదాపు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కాసేపటికి ఆ చోటు మొత్తం జారి కింద పడుతుంది.

దీనికి అందరూ చెప్పే మందు ఆంప్స్ (మెషిన్ కరెంటు) తగ్గించమని. అది సగం మందే. మిగతా సగం టైం. ఒక్కో చోట ఆర్క్ ఎంతసేపు నిలిచింది, ఆ తర్వాత ఆ చోటు చల్లారడానికి మీరు ఎంతసేపు ఆగారు అన్నది. కింద రాసిన సమస్యల్లో సగానికి పైగా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

సన్న రేకు అంటే 2 మి.మీ. లోపుదని అనుకుందాం. గేజ్ అంటే రేకు మందానికి వాడే నంబర్: 16 గేజ్ సుమారు 1.6 మి.మీ., 18 గేజ్ 1.2, 20 గేజ్ 0.9. ఇంట్లో పని చేసుకునేవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేది చిన్న ఇన్వర్టర్ ఆర్క్ మెషిన్ కాబట్టి రాడ్ వెల్డింగ్ గురించే ఎక్కువ రాస్తాను, మిగ్ (రాడ్‌కి బదులు గన్‌లోంచి వైరు వచ్చే మెషిన్) ఉన్నవాళ్లకి చివర్లో కొంచెం.

రేకుకి చిల్లు పడుతోంది

ముందు చేతిలో ఉన్న రాడ్ చూడండి. 3.15 మి.మీ. రాడ్ అయితే ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు, ఆ రాడ్ సరిగా మండటానికి కావలసిన కరెంటే రేకుని కాల్చేస్తుంది. 2.5 మి.మీ. రాడ్ 2 మి.మీ. రేకు వరకు పర్వాలేదు. 1.5 కంటే తక్కువ మందం అయితే 2 మి.మీ. రాడ్, 1 మి.మీ. రేకుకి దొరికితే 1.6 మి.మీ. రాడ్. ఆంప్స్ సుమారుగా ఇలా: 1.6 రాడ్‌కి 25 నుంచి 45, 2 మి.మీ. రాడ్‌కి 40 నుంచి 60, 2.5 రాడ్‌కి 60 నుంచి 90. ప్యాకెట్ మీద కంపెనీ వాళ్లు వేసిన రేంజ్ ఉంటుంది, అది ఇంకా నమ్మకం. గుర్తుంచుకోవడానికి ఒక లెక్క ఉంది, మందం ఒక్కో మి.మీ.కి 40 ఆంప్స్ దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుకోవడం. అలాంటి రేకు ముక్క మీదే ఒక బీడ్ వేసి చూడకుండా అసలు జాబ్ (చేస్తున్న వస్తువు) మీద చేయి పెట్టకండి.

రాడ్ సరైనదే, ఆంప్స్ సరైనవే, అయినా చిల్లు పడుతోందంటే రెండు ముక్కల మధ్య సందు చూడండి. నా లెక్కలో చిల్లులకి అసలు దొంగ ఇదే. మందపాటి ప్లేట్‌కి కొంచెం సందు వదలమని నేర్పిస్తారు, రేకు విషయంలో అది పూర్తిగా తప్పు. రేకు మందంలో సగం కూడా సందు ఉండకూడదు, అసలు లేకపోతే ఇంకా మంచిది. సందు ఉన్నచోట రెండు అంచులూ విడివిడిగా కరిగి వెనక్కి జారిపోతాయి. అరగంట కూర్చుని ఆకురాయితో అంచులు సరిచేసుకుంటే తర్వాత రెండు గంటలు చిల్లులు పూడ్చే పని తప్పుతుంది. కుదిరితే అంచుకి అంచు ఆనించే జాయింటే వద్దు, ఒకదాని మీద ఒకటి 10, 15 మి.మీ. ఎక్కించండి. లేదంటే రెండు అంచుల్నీ 3 మి.మీ. మేర పైకి మడిచి, ఆ మడతల్ని ఆనించి పైన కరిగించండి. అప్పుడు ఆర్క్ కింద రెట్టింపు ఇనుము ఉంటుంది.

మూడోది పోలారిటీ, అంటే ప్లస్, మైనస్ ఎటు కలిపారన్నది. డీసీ మెషిన్‌లో 6013 రకం రాడ్ ఎటు కలిపినా మండుతుంది. రేకు పని వరకు రాడ్ పట్టుకునే హోల్డర్‌ని మైనస్‌కి, ఎర్త్ క్లాంప్‌ని ప్లస్‌కి మార్చి చూడండి, ఆర్క్ లోపలికి దిగడం తగ్గుతుంది. టిగ్ (కరగని టంగ్‌స్టన్ కొనతో చేసే వెల్డింగ్) చేసేవాళ్లు దీనికి ఉల్టా కారణం చెప్పి మిమ్మల్ని కంగారు పెడతారు, వాళ్ల పద్ధతిలో వాళ్లు చెప్పేది నిజమే, పూత ఉన్న రాడ్ తీరు వేరు.

ఇక చేతి పని. లాగుతూ పోకండి, చుక్కలు పెట్టండి. ఆర్క్ కొట్టి, ఒక సెకను ఉంచి, ఎత్తేయండి. హెల్మెట్ నల్ల అద్దంలోంచి చూస్తుంటే ఎర్రటి మెరుపు మసకబారుతుంది, అది ఆరిపోయే లోపు పాత చుక్క మీద సగం పడేలా కొత్త చుక్క. నాలుగైదు చుక్కలయ్యాక స్లాగ్ (రాడ్ పూత కరిగి అతుకు మీద గట్టిపడిన పెంకు) కొట్టేసి బ్రష్ పట్టించండి, లేకపోతే స్లాగ్ లోపలే ఉండిపోతుంది. అల్మారా తలుపుకి, పెట్టెకి, మోటారు మీద కవర్‌కి ఈ అతుకు బంగారంలా సరిపోతుంది. మనిషి ఎక్కి నిలబడే నిచ్చెనకో, నీళ్లు నిలవాల్సిన తొట్టికో చుక్కల అతుకుని నమ్మకండి, దానికి రేకు మందమే పెంచుకోవాలి.

వెనక రాగి పట్టీ పెట్టి బిగించడం ఇంకో ఉపాయం, మందపాటి అల్యూమినియం పట్టీ అయినా పనిచేస్తుంది. రెండూ వేడిని లాగేస్తాయి, కరిగిన ఉక్కు వాటికి అంటుకోదు, చిల్లు పడబోయినా కరుగు అక్కడే ఆగుతుంది. ఆర్క్ మాత్రం నేరుగా ఆ పట్టీ మీద పడకూడదు. ఇత్తడి పట్టీ వద్దు, అందులో జింక్ ఉంటుంది, దాని గోల కింద చెప్తాను.

నిలువుగా పెట్టగలిగిన జాబ్ అయితే పైనుంచి కిందికి లాగండి. మందపాటి దానికి ఇది చెడ్డ అలవాటు, ఎందుకంటే లోపలికి దిగదు. మనకి కావలసింది అదే కదా.

చిల్లు పడిపోయింది, పూడ్చేకొద్దీ పెద్దదవుతోంది

ముందు ఆపండి. పూర్తిగా చల్లారనివ్వండి, చేత్తో ముట్టుకోగలిగేంత. వేడి మీద పూడ్చబోతే చిల్లు అంచులు ఇంకా పల్చబడి వెనక్కి పోతాయి, పావలా అంత చిల్లు అరచేయంత అవుతుంది. చల్లారాక స్లాగ్ మొత్తం తీసి, చిల్లు మధ్యలో కాకుండా అంచు మీద ఒక చుక్క, ఆగడం, ఎదురు అంచు మీద ఇంకో చుక్క, ఆగడం. అలా చుట్టూ తిరుగుతూ మూసుకురండి. చిల్లు పెద్దదైతే ఒక పాత రాడ్ పూత మొత్తం రాల్చేసి ఆ తీగని చిల్లుకి అడ్డంగా పెట్టి దాని మీద ఆర్క్ కొట్టండి, వేడిలో కొంత ఆ తీగ తినేస్తుంది. చిటికెన వేలు దూరేంత చిల్లుకి నేనైతే ఈ తిప్పలేవీ పడను, అదే మందం రేకు ముక్క కత్తిరించి లోపలి వైపు ఆనించి చుట్టూ ట్యాక్ (ముక్కలు కదలకుండా పట్టే చిన్న చుక్క అతుకు) కొడతాను.

ఆంప్స్ తగ్గిస్తే రాడ్ అంటుకుపోతోంది, పెంచితే చిల్లు పడుతోంది

కొత్తవాళ్లందరూ చిక్కుకునే చోటు ఇది. దీని అర్థం మీ చేతిలో ఉన్న రాడ్ ఈ పనికి లావు అని. 2.5 రాడ్‌ని 45 ఆంప్స్ మీద మండించాలని చూస్తే అది అంటుకోక ఏం చేస్తుంది! ఒక సైజు తగ్గండి.

సన్న రాడ్ కూడా అంటుకుంటోందంటే ఎర్త్ క్లాంప్ ఎక్కడ పెట్టారో చూడండి. పెయింట్ మీదో తుప్పు మీదో పెట్టి ఉంటారు. రూపాయి బిళ్ల అంత మేర గ్రైండర్‌తో తెల్లగా చేసి అక్కడ బిగించండి, వెల్డ్ చేసే చోటుకి దగ్గరగా. తర్వాత ఎక్స్‌టెన్షన్ వైరు. సన్నటి పొడుగాటి వైరులో వోల్టేజీ పడిపోతుంది, మెషిన్ డిస్‌ప్లే 50 అని చూపిస్తూనే ఉంటుంది, ఆర్క్‌లో మాత్రం దమ్ము ఉండదు. వైరుని చుట్ట చుట్టి ఉంచి వాడితే అది వేడెక్కుతుంది కూడా, మొత్తం విప్పి పరవండి. తేమ పట్టిన రాడ్ కూడా ఇలాగే ఏడిపిస్తుంది, పూత ఉబ్బి రాలుతుంటే ఆ రాడ్ పక్కన పడేయండి.

ఒకసారి వాడి ఆపిన రాడ్ కొనకి గాజులాంటి టోపీ ఏర్పడుతుంది. అది విరగకుండా ఆర్క్ రాదు, మీరు గట్టిగా గుచ్చుతారు, అంటుకుంటుంది. కొనని గరుకు నేల మీద ఒకసారి రుద్దండి చాలు. ఆర్క్ మొదలుపెట్టడానికి జాబ్ పక్కనే ఒక పనికిరాని ఇనుప ముక్క బిగించుకుని, దాని మీద అగ్గిపుల్ల గీసినట్టు గీసి, రాడ్ వేడెక్కగానే జాబ్ మీదికి రావడం నాకు బాగా పనికొచ్చిన అలవాటు. అంటుకున్నప్పుడు గుంజకండి, రేకు వంగిపోతుంది. పక్కకి మెలితిప్పండి, రాకపోతే హోల్డర్ నొక్కి రాడ్‌ని వదిలేయండి.

అతుకు బాగానే పడింది, రేకు మాత్రం అప్పడంలా మెలితిరిగింది

చిల్లు కంటే ఇదే నాకు ఎక్కువ విసుగు తెప్పించింది, ఎందుకంటే చిల్లు వెంటనే కనిపిస్తుంది, ఇది పని అంతా అయ్యాక కనిపిస్తుంది. ఒకసారి ఒక డబ్బాకి మూత చేస్తూ నాలుగు అంచులూ ఒకే ఊపులో చుట్టూ లాగేశాను. చూడముచ్చటగా వచ్చిందని మురిసిపోయి బల్ల మీద పెడితే ఒక మూల లేచి ఊగుతోంది, రెండో మూల నొక్కితే మొదటిది లేస్తోంది.

జరిగేది ఏమిటంటే, ఉక్కు వేడెక్కితే సాగుతుంది: మీటరు పొడవు పట్టీ మొత్తాన్నీ 500 డిగ్రీలు వేడి చేస్తే 6 మి.మీ. పెరుగుతుంది. వెల్డ్ చేసేటప్పుడు అతుకు దగ్గర మాత్రమే వేడి, చుట్టూ చల్లటి ఇనుము దాన్ని సాగనివ్వదు, కాబట్టి మెత్తబడిన ఆ చోటు తనలోకి తాను నొక్కుకుపోతుంది. చల్లారేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే కుంచించుకుంటుంది. ఆ లాగుడికి రేకు ఉబ్బుతుంది, మెలితిరుగుతుంది.

కాబట్టి మొదట ట్యాకులు, అవీ చాలా. 1 మి.మీ. రేకుకి ప్రతి 25 మి.మీ.కి ఒకటి పెట్టినా ఎక్కువ కాదు. ఒక చివర నుంచి వరసగా కొట్టుకుపోకండి, రెండో చివర సందు తెరుచుకోవడమో ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడమో జరుగుతుంది. రెండు చివర్లు, తర్వాత నడిమి, తర్వాత సగాల నడిమి, అలా. ట్యాకులయ్యాక స్కేలు పెట్టి చూసి సుత్తితో సర్దండి, ఇప్పుడైతే సులువు.

తర్వాత 15, 20 మి.మీ. ముక్కలుగా అతకండి, ఒక ముక్క ఇక్కడ, తర్వాతది దూరంగా అవతలి చివర, మూడోది ఇంకెక్కడో. మళ్లీ మొదటి చోటుకి వచ్చేసరికి అక్కడ చేయి పెట్టగలగాలి. పెట్టలేకపోతే ఇంకాసేపు ఆగండి. కింద మందపాటి యాంగిల్ పెట్టి క్లాంపులు బిగించి చేస్తే ఇంకా మంచిది, పూర్తిగా చల్లారే దాకా క్లాంపులు విప్పొద్దు. తొందరపడి నీళ్లు కొట్టొద్దు, తడి నేల మీద కరెంటు పని ప్రమాదం, పైగా హఠాత్తుగా కుంచించుకుని ఇంకోలా వంగుతుంది.

అసలు మొత్తం పొడవునా అతుకు అవసరమా అని కూడా ఒకసారి అడుక్కోండి. నీళ్లో గాలో ఆగాల్సిన పని కాకపోతే 20 మి.మీ. అతుకు, 50 మి.మీ. ఖాళీ చాలాసార్లు సరిపోతుంది.

ఇప్పటికే వంగిపోయిందా? వంకర ఉన్నచోట కొట్టడం అందరూ చేసే పొరపాటు. కుంచించుకున్నది అతుకు కాబట్టి సాగాల్సింది అతుకే. వెనక బరువైన నున్నటి ఇనుప దిమ్మ ఆనించి అతుకు మీదే చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోండి, నాలుగు దెబ్బలకోసారి స్కేలు పెట్టి చూడండి. పూర్తిగా కాకపోయినా చాలా వరకు దారికొస్తుంది.

బీడ్ ఉబ్బెత్తుగా కూర్చుంది, సుత్తి తగిలితే ఊడిపోయింది

చిల్లు భయంతో ఆంప్స్ మరీ తగ్గించేశారు. లేదా ఆర్క్ పొడుగ్గా పట్టుకున్నారు, కరుగు చుక్కలుగా పైన రాలింది తప్ప కింది ఇనుము కరగలేదు. రాడ్ కొనని దాదాపు ఆనేంత దగ్గరగా ఉంచండి, ఆర్క్ పొడవు రాడ్ మందం దాటకూడదు. అయిదు ఆంప్స్ పెంచి, అక్కడ ఉండే టైం తగ్గించండి. పరీక్ష సులువు, రెండు ముక్కలు అతికి వైస్‌లో బిగించి సుత్తితో వంచండి. రేకు చిరిగి అతుకు నిలిస్తే మీరు పాసు. అతుకు శుభ్రంగా విడివడి వస్తే అది వెల్డింగ్ కాదు, జిగురు.

సూది బెజ్జాలు, నురగలాంటి బీడ్, పటపట చిట్లడం

రేకు మీద పెయింటో, నూనో, తుప్పో, జింక్ పూతో ఉంది. మొదటి మూడూ గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ పెట్టి అతుకుకి అటూ ఇటూ 20 మి.మీ. మేర, ముందూ వెనకా రెండు వైపులా తీసేస్తే పోతాయి. వెనక వైపు మర్చిపోతారు, రేకులో వెనక వైపు కూడా అంతే వేడెక్కుతుంది.

జింక్ పూత ఉన్న జీఐ రేకు వేరే సంగతి. జింక్ 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, ఉక్కు కరగడానికి ఇంకా 600 డిగ్రీలు కావాలి. అంటే అతుకు ఏర్పడేలోపే కింద ఆవిరి లేచి కరుగులోంచి బుడగలుగా బయటికి వస్తుంటుంది. దూదిలాంటి తెల్లటి పొగ, పసుపుపచ్చ బూడిద కనిపిస్తే అదే. పూత మెరుపు పోయి మామూలు ఇనుము రంగు వచ్చేదాకా గ్రైండ్ చేసి, బయట గాలిలో, పొగ మీ మొహం మీదికి రాకుండా ఒక పక్కన కూర్చుని, లోహపు పొగలకి పనికొచ్చే మాస్క్ పెట్టుకుని చేయండి. ఆ పొగ పీల్చినవాళ్లకి కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి, ఫ్లూ అనుకుంటారు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పని అయ్యాక తీసేసిన చోట జింక్ పెయింట్ వేయకపోతే మొదట తుప్పు పట్టేది అక్కడే.

నూనె తుడవడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడొద్దు. వాటిలో కొన్నింటిలో క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఉంటాయి, ఆర్క్ వేడికి, ఆ వెలుగులోని అల్ట్రావయొలెట్ కిరణాలకి అవి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి, ప్రాణం తీసేంత విషం. అసిటోన్ వాడండి, అదీ పూర్తిగా ఆరాక, డబ్బా దూరంగా పెట్టాక.

పైపు ఆఖరి అతుకు దగ్గర బుస్సుమని చిల్లు పడుతోంది

స్క్వేర్ పైపుకి మూతి మూసేటప్పుడు అంతా బాగా వచ్చి చివరి 5 మి.మీ. దగ్గర కరుగు ఎగిరి మొహం మీదికి చిమ్ముతుంది. మీ చేతి తప్పు కాదు. లోపలి గాలి వేడెక్కి బయటికి రావడానికి దారి లేక ఆ మెత్తటి చోటునే పొడుచుకుని వస్తోంది. కనిపించని వైపు 3 మి.మీ. డ్రిల్ బెజ్జం ఒకటి వేసుకోండి, సమస్య మాయం.

సందర్భం వచ్చింది కాబట్టి: పెట్రోలో, థిన్నరో, ఏదైనా మండేదో ఒకప్పుడు ఉన్న ట్యాంకుని, డ్రమ్ముని ఖాళీగా ఉంది కదా అని వెల్డ్ చేయకండి. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరే పేలుతుంది. అది ఇంట్లో చేసే పని కాదు.

రేకుని మందపాటి దానికి అతికితే రేకు మాత్రమే కరిగిపోతోంది

ఆర్క్‌ని మందపాటి దాని మీదే పెట్టండి. కరుగు అక్కడ ఏర్పడనివ్వండి, అది పెరిగి రేకు అంచుని తాకేలా కొంచెం అటు నెట్టి వెంటనే వెనక్కి తీసుకురండి. రేకు మీద నేరుగా ఆర్క్ అసలు పడకూడదు. రేకు చివరి అంచు దగ్గర కూడా ఇదే బాధ, అక్కడ వేడి పోవడానికి ఒకవైపే ఉంటుంది, కాబట్టి అంచు దగ్గర ముగించకండి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి రండి.

గ్రైండ్ చేశాక అతుకు పగిలింది

నున్నగా కనిపించాలని అతుకుతో పాటు పక్కన రేకుని కూడా అరగదీశారు. 1 మి.మీ. రేకులో 0.3 పోతే మిగిలిందేమిటి? గట్టి గ్రైండింగ్ వీల్ పక్కన పెట్టి 60 లేదా 80 గ్రిట్ ఫ్లాప్ డిస్క్‌తో, పడుకోబెట్టి, ఒకేచోట నొక్కకుండా తీయండి. నీలం రంగు తేలిందంటే మళ్లీ వేడి ఎక్కించి వంచబోతున్నారని అర్థం.

మిగ్ వాడేవాళ్లకి

రేకు పనికి మిగ్ చాలా సుఖం, అందులో అనుమానం లేదు. 0.6 మి.మీ. వైరు పెట్టుకోండి, 0.8 కూడా నడుస్తుంది. గ్యాస్ ఆర్గాన్‌లో 20, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపినది అయితే ఆర్క్ మెత్తగా ఉంటుంది, ఒట్టి కార్బన్ డయాక్సైడ్ అయితే నిప్పురవ్వలు ఎక్కువ, దిగుడు కూడా ఎక్కువ. నిమిషానికి 10 లీటర్ల చుట్టూ చాలు, ఎక్కువ తిప్పితే సుడి తిరిగి గాలిని లోపలికి లాగి బెజ్జాలు తెస్తుంది. ఫ్యాన్ ఆపేయండి.

గ్యాస్ లేకుండా ఫ్లక్స్ వైరు (లోపల ఫ్లక్స్ పొడి ఉన్న వైరు) వాడుతూ రవ్వల వాన కురుస్తోందంటే పోలారిటీ మార్చడం మర్చిపోయారు. ఆ వైరుకి గన్ మైనస్‌లో ఉండాలి, గ్యాస్ వైరుకి ప్లస్‌లో. వైరు వెనక్కి కాలి టిప్‌కి అంటుకుంటుంటే ఫీడ్ (వైరు వచ్చే వేగం) తక్కువైంది, గన్‌ని పొడిచినట్టు వెనక్కి నెడుతుంటే ఫీడ్ ఎక్కువైంది. ట్రిగ్గర్ కూడా చుక్కల పద్ధతిలోనే, సెకను నొక్కి వదిలేయడం.

స్టెయిన్‌లెస్, అల్యూమినియం

స్టెయిన్‌లెస్ మామూలు ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది, వేడిని తక్కువగా పాకనిస్తుంది, అంటే పైన చెప్పిన వంకరలన్నీ ఇంకా ఎక్కువ. ట్యాకులు రెట్టింపు కొట్టండి. సన్న అల్యూమినియం రేకుని రాడ్ మెషిన్‌తో చేయబోకండి. దాని మీది ఆక్సైడ్ పొర 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కింది లోహం 660కే కరిగిపోతుంది. అది ఏసీ టిగ్ పని, లేదంటే రివెట్లు కొట్టుకోవడం.

ఎక్కడ వెల్డ్ చేస్తున్నానో కనిపించట్లేదు, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంది

ఇవి రెండూ కలిసే వస్తాయి. తక్కువ ఆంప్స్ మీద ఆర్క్ వెలుగు తక్కువ, అద్దం 12 నంబర్‌ది (నంబర్ పెరిగేకొద్దీ నలుపు ఎక్కువ) అయితే చీకటి తప్ప ఏమీ కనిపించదు, అందుకని జనం అద్దం ఎత్తి గురి చూసి ఆర్క్ కొట్టి అప్పుడు దించుతారు, ట్యాకులే కదా అని కళ్లు మూసుకుని కొడతారు. రేకు పనిలో ట్యాకులు వందల్లో ఉంటాయి, ఒక్కోదానికి కొంచెం చొప్పున అల్ట్రావయొలెట్ కంటిలో పడుతూనే ఉంటుంది, మంట కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది.

ఈ ఆంప్స్‌కి 9 లేదా 10 నంబర్ అద్దం సరిపోతుంది. తనంతట తాను నల్లబడే హెల్మెట్ ఉంటే ట్యాకుల దగ్గర చేయి కదలకుండా ఉంటుంది, గురి తప్పదు. అతుకు మీదికి గట్టి లైటు ఒకటి వెనక నుంచి పెట్టుకోండి, సుద్దతో గీత గీసుకోండి. పక్కన చూస్తూ నిలబడినవాళ్లకీ అద్దం ఇవ్వండి. కళ్లు మండితే నలపొద్దు, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి చీకటి గదిలో ఉండండి, నొప్పి ఎక్కువగా ఉన్నా చూపు మసకగా ఉన్నా కళ్ల డాక్టర్‌కి చూపించండి. తగ్గేదాకా మెషిన్ ఆన్ చేయొద్దు.